చలువరాతి మూర్తులు – స్నపనవిధి

సోమాజిగూడకు చేరువలో నౌబత్ పహాడ్‌పై 1976లో ప్రతిష్ఠ జరిగిన బిర్లా మందిరం రాజస్థాన్ చలువరాతి నిర్మాణం. అందలి శ్రీవేంకటేశ్వర మూలమూర్తి మాత్రం నల్లరాతిది. ఈ భేదం గమనార్హం. చలువరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. ఆమ్లం సోకితే కరుగుతుంది. కనుక పెరుగు, నిమ్మరసం, చింతపండు దాని నునుపును హరిస్తాయి. పసుపు, కుంకుమ, నూనె సూక్ష్మరంధ్రాలలో ఇంకి మరకలుగా నిలుస్తాయి. అట్లని చలువరాతి మూర్తులకు అభిషేకం లోపించవలసినదేనా? అక్కరలేదు. వైఖానసాగమం ధ్రువబేరానికి భిన్నంగా స్నపనబేరాన్ని విధించింది. చలువరాతి మూర్తి ఉన్నచోట లోహబేరానికి అభిషేకం జరిపి, మూలమూర్తిని మెత్తని పొడిబట్టతో తుడవడం, అవసరమైనప్పుడు శుద్ధజలంతో మాత్రమే కడిగి వెంటనే తడి ఒత్తడం ఉచితం. ఇట్టి రక్షణ ఆగమభావానికి విరుద్ధం కాదు, తదనుగుణమే.