లిగ్నిన్ నుండి విమాన ఇంధనము

2008లో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది మొదలు, ఆ దారిన పోవువారికి తలపై విమానాల రొద నిత్యకృత్యమైనది. వాటి రెక్కలలో నింపునది శుద్ధిచేసిన కిరసనాయిలే. అందులో కొంతైనను చెట్టునుండి రాబట్టగలమా?

నూనెగింజల నుండి సాధ్యమేనని 2018 ఆగస్టు 27న తేలినది. అడవి ఆముదపు నూనెతో చేసిన ఇంధనమును కిరసనాయిలులో కలిపి, ఆనాడు ఒక విమానమును దెహ్రాదూన్ నుండి ఢిల్లీకి నడిపిరి. అయితే ఇట్టి ఇంధనములో కర్బన గొలుసులే గాని బెంజీను వంటి వలయాలుండవు. ఆ వలయాలే ఇంధన వ్యవస్థలోని రబ్బరు అతుకులను కొద్దిగా ఉబ్బించి కారుటను ఆపుచున్నవి. కనుకనే మిశ్రమములో అవి కనీసము 8 శాతముండవలెనని నియమము.

ఆ వలయాల గని లిగ్నిన్. కర్రలో దాదాపు నాలుగవ వంతు ఇదే. సెల్యులోజు పోగులను పట్టియుంచు జిగురు. కాగజ్‌నగర్‌లోను (కాగజ్ అనగా ఉర్దూలో కాగితము, మిల్లే ఆ ఊరికి పేరిచ్చినది), భద్రాచలము చెంత సారపాకలోను కర్రను ఉడికించి గుజ్జు తీయగా లిగ్నిన్ నల్లని ద్రవములో మిగులును. దానిని బాయిలరులో మండించి ఆవిరి పుట్టింతురు. వ్యర్థమనుట తగదు, మిల్లుకది వంటచెరకు.

లిగ్నిన్‌లో వలయాలను కలుపు వంతెనలలో అధికభాగము ఆక్సిజనువి. హైడ్రోజను పీడనములో, సుమారు 250 డిగ్రీల వేడిలో, నికెల్ లేక రుథీనియము ఉత్ప్రేరకము వాటిని తెంచును. కష్టమంతయు అటుపైననే. తెగిన ముక్కలు మిక్కిలి చురుకైనవి. వెంటనే హైడ్రోజను అందనిచో, కలియబెట్టని బెల్లపు పాకము అడుగంటినట్లు, తమలో తాము మునుపటికంటె గట్టి కర్బన బంధాలతో అతుకుకొని, బొగ్గై ఉత్ప్రేరకముపైననే పేరుకొనును. ఈ గండము గడచినచో, మిగిలిన ఆక్సిజనును నీటిగా తొలగించుట రెండవ మెట్టు.

మిల్లు లిగ్నిన్‌తో మరొక చిక్కున్నది. ఉడికించుటకు వాడు సోడియం సల్ఫైడు వలన దానికి గంధకమంటును. నికెల్, రుథీనియములకది విషము. గంధకమునకు తాళు మాలిబ్డినం సల్ఫైడు ఒక ఉపాయము. కర్రపొట్టునే ఆల్కహాలులో, ఉత్ప్రేరకము సమక్షమున ఉడికించి లిగ్నిన్‌ను ముందే తీయుట మరొకటి. ముక్కలు పుట్టినచోటనే హైడ్రోజను దొరకును గనుక రెండవదే మేలని మా అభిప్రాయము. పీడనపాత్రల వ్యయము మాత్రము తక్కువ కాదు.

అంతర్జాతీయ విమానాల ఇంధనములో 2027లో 1 శాతము, 2030లో 5 శాతము ఇట్టి ప్రత్యామ్నాయ ఇంధనము కలుపవలెనని మన దేశపు లక్ష్యము. శంషాబాదు నుండి విదేశములకు లేచు విమానాలకును ఇది వర్తించును. కాని మిల్లువారు లిగ్నిన్‌ను మనకిచ్చి, ఆ లోటుకు బాయిలరులో బొగ్గు వేసినచో, ఆ బొగ్గు పొగను ఈ ఇంధనపు పద్దులోనే వ్రాయవలసియుండును.