ఏకేశ్వరుడు, నిరాకారుడు: తర్కము చూపిన త్రోవ

ఇష్టలింగమును అఱచేత నుంచి పూజించు ఇంట పెరిగిన బాలుడు, కొంత చదువు వచ్చిన పిదప, పెద్దలను రెండు ప్రశ్నలడుగుట సహజము. దేవుడొక్కడే యని యెట్లు నిశ్చయించితిరి? అతనికి రూపము లేదందురు గదా, చేతిలోని యీ లింగమేమి? "గురువు చెప్పెను, బసవన్న చెప్పెను" అను జవాబు నమ్మినవానికి చాలును, అడుగువానికి చాలదు. అడిగిన బాలుని కసరి నోరు మూయించుట శరణుల మార్గము కాదు. 12వ శతాబ్దిలో కల్యాణమున నెలకొన్న అనుభవమంటపమున అల్లమప్రభువు శరణులను ప్రశ్నించి ప్రశ్నించియే నిగ్గుదేల్చెనని సంప్రదాయము చెప్పును. తరువాతి కాలమున సంకలితమైన శూన్యసంపాదన యంతయు అట్టి ప్రశ్నోత్తరములతో నల్లబడినదే. కావున బాలుని ప్రశ్నకు భారతీయ తార్కికులు ఏ సమాధానమిచ్చిరో, అది యెంతవరకు నిలుచునో వీరశైవ గృహస్థులు తెలిసికొనుట అవసరము.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. ప్రాచీన దర్శనకారులందఱును ఈశ్వరుని అంగీకరించిరని పెక్కుమంది తలంతురు. అది నిజము కాదు. వేదమును శిరసావహించిన పూర్వమీమాంసకులలో 7వ శతాబ్ది వాడైన కుమారిలభట్టు తన శ్లోకవార్తికమున జగత్కర్తను నిరాకరించెను. సాంఖ్యసూత్రములు ఈశ్వరుడు ప్రమాణసిద్ధుడు కాడనుచున్నవి. ఇక బౌద్ధ జైనుల మాట చెప్పనక్కఱలేదు. ఇట్టి ప్రతివాదుల ఎదుట నిలిచి మాటాడవలసి వచ్చుటచేతనే న్యాయదర్శనమున ఈశ్వరానుమానము అంత పదునెక్కినది.

10వ శతాబ్దిలో మిథిలయందుండిన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి యను గ్రంథమును ఐదు స్తబకములుగా రచించి, ఐదవదానిలో ఈశ్వరసాధకములైన హేతువులను వరుసగా నిలిపెను. వానిలో మొదటిది, మూలమైనది కార్యత్వహేతువు. తర్కశాస్త్రపద్ధతిని అనుమానమునకు ఐదు అవయవములు. భూమి మొదలైనవి కర్త కలవి, ఇది ప్రతిజ్ఞ. అవి కార్యములగుటచేత, ఇది హేతువు. ఏది కార్యమో అది కర్త కలది, కుండవలె, ఇది ఉదాహరణము. భూమి మొదలైనవియు అట్టి కార్యములే, ఇది ఉపనయము. కావున అవి కర్త కలవి, ఇది నిగమనము.

ఇందు రెండు మాటల యర్థము జాగ్రత్తగా పట్టవలెను. కార్యమనగా ఒకప్పుడు లేక తరువాత కలిగినది. అవయవములు కూడి యేర్పడినది ఏదైనను అట్టిదే. ముక్కలు కూడకముందు అది లేదు గదా. కర్త యనగా కేవలము కారణము కాదు. కుండకు మట్టియు చక్రమును కఱ్ఱయు కారణములే, కాని అవి కర్తలు కావు. ఏ సామగ్రి కావలెనో ఎఱిగినవాడు, చేయగోరినవాడు, ప్రయత్నించినవాడు కుమ్మరి యొక్కడే. జ్ఞానము, చికీర్ష, కృతి యను మూడును కలవాడే కర్త.

దీనిపై అన్నింటికంటె బలమైన ఆక్షేపణ 7వ శతాబ్ది బౌద్ధాచార్యుడగు ధర్మకీర్తిది. ఇల్లు చూచి కట్టినవానిని ఊహించుట సరియే, ఏలయన ఇండ్లను మనుష్యులు కట్టుట లోకము చూచియున్నది. కొండను కట్టుచుండగా చూచినవారెవరు? ఇంటిని, కొండను ఒకే మాటతో "కూర్పు" అన్నంతమాత్రమున రెండును ఒకే జాతివి కావు. కుండ మట్టితోనైన యాకృతి, పుట్టయు మట్టితోనైన యాకృతియే. అట్లని పుట్టను కుమ్మరి చేసెననవచ్చునా? ఈ పుట్ట యుపమానము చిన్నది, గాని నైయాయికులను శతాబ్దుల కాలము నిద్రపోనీయలేదు.

వారి సమాధానమిది. అంత నిక్కచ్చిగా పోలిక కోరినచో ఏ యనుమానమును నిలువదు. వంటింటి పొగయు కొండమీది పొగయు అచ్చముగా ఒక్కటి కావు; అయినను పొగ యను సామాన్యధర్మమును బట్టియే నిప్పును ఊహింతురు. అట్లే కార్యత్వమను సామాన్యధర్మమును బట్టి కర్తను ఊహింపవచ్చును. పుట్టకు కుమ్మరి కర్త కాడు, నిజమే. కాని యెవ్వడును కర్త కాడని దానివలన తేలదు. ఈ సమాధానము వాదమును నిలబెట్టినదే గాని ప్రతివాదిని పడగొట్టినదని చెప్పుట కష్టము. నేటి బాలుడు సైతము, విత్తు తనంతట మొలచును, కొండలు భూమి పొరల కదలికచే లేచును, నడుమ కర్త యేల యని యడుగును. ఆ కదలికలన్నియు నైయాయికుని లెక్కలో మట్టి, చక్రము వంటి సహకారికారణములు. వానిని ఎంత చక్కగా వర్ణించినను, జడములైన యవి యొక నియమమునకు లోబడి యేల నడచుచున్నవను ప్రశ్న మిగిలియే యుండును. ఆ మిగిలిన ప్రశ్న మీదనే అనుమానమంతయు నిలిచియున్నది.

ఉదయనుని తక్కిన హేతువులన్నియు సమానబలము కలవి కావు. ఇంత బరువైన భూమి క్రిందపడక నిలిచియుండుటకు ధరించువాడొకడు కావలెనను ధృతిహేతువును నేడు అదే రూపమున చెప్పరాదు. గ్రహముల గతిని గురుత్వాకర్షణ నియమము వివరించుచున్నదని బడిపిల్లలెఱుగుదురు. పాత యుక్తిని పట్టుకొని వ్రేలాడినచో దానితోపాటు మంచి యుక్తియు పరిహాసపాత్రమగును. కర్మఫలమును గూర్చిన యుక్తి అట్టిది కాదు. చేసిన కర్మ జడము. అది యెప్పుడో నశించినది. ఎవనికి, ఎప్పుడు, ఎంత ఫలమీయవలెనో దానికేమి తెలియును? కర్మవలన పుట్టిన "అపూర్వము" అను శక్తియే ఫలమిచ్చునని మీమాంసకులందురు. ఆ శక్తియు జడమే గదా యని నైయాయికుల ప్రశ్న. ఫలము ఈశ్వరునివలననే యనుట యుక్తమని బ్రహ్మసూత్రముల మూడవ యధ్యాయమును చెప్పుచున్నది.

కర్త కలడన్నంతట అతడొక్కడేయని తేలునా? తేలదు. పెద్ద మేడను పలువురు కట్టుదురు. జగత్తును పలువురు ఏల కట్టియుండరాదని శ్రీభాష్యమున రామానుజాచార్యులు నైయాయికులను నిలదీసిరి. దీనికి సమాధానము చక్కనైనది యోగసూత్రముల వ్యాసభాష్యమున కలదు. సమానశక్తి గల యీశ్వరులిద్దరున్నారనుకొందము. ఒకే వస్తువును గూర్చి ఒకడు ఇది క్రొత్తది కావలెననియు, ఒకడు ఇది ప్రాతది కావలెననియు ఒకే క్షణమున కోరిరి. ఒకని కోరిక తీరినచో రెండవవాని కోరిక భంగపడును. భంగపడినవాడు ఈశ్వరుడు కాడు. ఇద్దరి కోరికలును తీరుట అసంభవము, ఒకే వస్తువు ఒక్కసారి క్రొత్తదియు ప్రాతదియు కాజాలదు. వారెన్నడును భేదింపరన్నచో ఒకని సంకల్పమే చాలును, రెండవవానికి పనిలేదు. మేడను కట్టు కూలీలు వందమందియైనను వారి చేతులు ఒక మేస్త్రి యాలోచనను అనుసరించియే కదలును. ఆ పైన లాఘవన్యాయము కలదు: ఒకనితో నెఱవేఱు పనికి పలువురను కల్పించుట గౌరవదోషము. లాఘవము ఒక మొగ్గు మాత్రమే, నిరూపణము కాదు. కాని భేదించు ఇద్దరీశ్వరుల యుక్తికి తోడైనప్పుడు దాని బలము తక్కువది కాదు.

ఇచట ఒక భేదము గుర్తింపవలెను. పతివ్రతకు పతి యొక్కడైనట్లు భక్తునకు దేవుడొక్కడే యను పోలిక శరణుల వచనములలో తఱచుగా వచ్చును. అది నిష్ఠను బోధించు మాట. దేవుడొక్కడని నిరూపించు యుక్తి కాదు. పతివ్రతకు పతి యొక్కడైనను లోకమున పురుషులు పలువురు కలరు గదా! షట్స్థలములలో రెండవదియగు మాహేశ్వరస్థలమున నైష్ఠికభక్తి చెప్పబడినది. ఆ మాట అచటిది. ఈ రెంటిని కలిపివేసి ప్రసంగించువారు వినువారిని తికమకపెట్టుదురు. అయినను బసవేశ్వరుని నిష్ఠ వెనుక లోకానుభవముగల తర్కమొకటి లేకపోలేదు. భయము పుట్టిన ప్రతిచోట ఒక దైవమును నిలిపి, మ్రొక్కులకును బలులకును ఇల్లు గుల్లచేసికొనువారిని ఆయన చూచెను. దైవములు పలువురైనకొలది భయములును పలువగును.

ఇక నిరాకారత్వము. కుమ్మరికి శరీరమున్నది, కావున జగత్కర్తకును శరీరముండవలెను గదా యని ప్రతివాది యనును. నైయాయికుడు ఎదురుప్రశ్న వేయును. కుమ్మరి చేతితో చక్రమును త్రిప్పును. ఆ చేతిని దేనితో కదల్చును? దానికి మఱియొక చేయి కావలెనా? అక్కఱలేదు, సంకల్పమాత్రముచే చేయి కదలును. కావున జడమును కదల్చుటకు చేతనుని సంకల్పము కావలెను గాని నడుమ శరీరము అన్నిచోట్లను ఆవశ్యకము కాదు. ఈ యుక్తి సాధారణముగా కనిపించును గాని, చేతిని చూచుకొనుచు కొంతసేపు ఆలోచించినవానికి దాని లోతు తెలియును.

రెండవ యుక్తి ఇంకను దృఢము. శరీరము అవయవములతో కూడినది. అవయవములతో కూడినది కార్యము. కార్యమునకు కర్త కావలెను. ఈశ్వరునకు శరీరమున్నచో ఆ శరీరమును చేసినవాడెవడు? వేఱొకడన్నచో వానికిని శరీరముండవలెను, వాని శరీరమునకు మఱియొకడు. ఈ పరంపరకు అంతులేదు. దీనినే యనవస్థ యందురు. కనుక మొదటి కర్త నిరవయవుడు కావలెను, నిరవయవునకు ఆకారమెక్కడిది? పైగా ఆకారమనగా ఎల్ల. ఇచట ఉన్నది, అచట లేదు అను గీటు లేక ఆకారము లేదు. అంతటను ఏకకాలమున పనిచేయువానికి ఆ గీటు పొసగదు.

అట్లైన చేతిలోని లింగమేమి? తర్కశాస్త్రమున "లింగము" అను మాటకే సాధనమైన గుర్తు అని యర్థము. కొండమీది పొగ నిప్పునకు లింగము. కనబడనిదానిని తెలుపు కనబడు గుర్తు అది. ఇష్టలింగమునకు ముఖము లేదు, చేతులు లేవు, ఆయుధములు లేవు, ఆడు మగ యను చిహ్నము లేదు. ఆకారము లేనివానిని తెలుపుటకు అవయవములు లేని గుర్తునే యెన్నుకొనుటలో ఎంతో యాలోచన కలదు. అయితే వీరశైవము ఇంతటితో ఆగదు. పొగ నిప్పు కాదు. లింగమో, గురువు దీక్షయందు చేతికిచ్చినప్పటినుండి భక్తునకు సాక్షాత్తు పరశివుడే. ఇష్టలింగము సకలము, ప్రాణలింగము సకలనిష్కలము, భావలింగము నిష్కలము అని మూడు విధములుగా చెప్పుటలో కంటికి కనబడుదానినుండి రూపరహితమునకు పోవు క్రమమే యున్నది.

కుమ్మరి దృష్టాంతమునకు ఒక లోపమున్నది. దానిని దాచుట ధర్మము కాదు. కుమ్మరి మట్టిని సృష్టింపడు. న్యాయమతమున పరమాణువులు నిత్యములు, ఈశ్వరుడు వానిని కూర్చువాడు మాత్రమే. అట్లైనచో అతని ప్రక్క అతడు చేయని వస్తువొకటి ఎల్లకాలమును నిలిచియున్నది. అతడు నిమిత్తకారణమేగాని ఉపాదానము కాడు. ముండకోపనిషత్తు సాలెపురుగును దృష్టాంతముగా గైకొన్నది ఇందుచేతనే. అది దారమును తననుండియే వెలువరించి తనయందే ఉపసంహరించుకొనును. బెజవాడతో ముడిపడిన శ్రీపతిపండితుని పేర వెలసిన శ్రీకరభాష్యము బ్రహ్మసూత్రములను వీరశైవపరముగా వ్యాఖ్యానించిన గ్రంథము. అది 1936లో సి. హయవదనరావు సంపాదకత్వమున అచ్చయినది. శివుని తన శక్తినుండి వేఱుచేయరాదనుట వీరశైవుల శక్తివిశిష్టాద్వైతము. నిప్పును వేడిమినుండి విడదీయలేనట్లు, జగత్తుగా పరిణమించు శక్తి శివునకు వెలుపలిది కాదు. తార్కికుని కుమ్మరికి లేని మట్టి ఇచట దొరకినది.

అనుమానము మాత్రముచే బ్రహ్మము సిద్ధింపదనియు, శ్రుతికి తోడుగానే తర్కము పనికివచ్చుననియు శంకరరామానుజులిద్దరును చెప్పిరి. కాశ్మీర శైవుడగు ఉత్పలదేవుడు 10వ శతాబ్దిలో ఈశ్వరసిద్ధి యని నైయాయికపద్ధతిని ఒక ప్రకరణము వ్రాసియు, ఈశ్వరప్రత్యభిజ్ఞయందు వేఱుత్రోవ త్రొక్కెను. కొండను చూచి కర్తను ఊహించుట యటుండనిమ్ము, చూచుచున్నవాడెవడు? ఎఱుక గలవాడు లేడని చెప్పుటకైనను ఎఱుక కావలెను. దానిని కాదనుటయు కుదరదు, వేఱొకదానితో నిరూపించుటయు కుదరదు. దీపమును చూచుటకు మఱియొక దీపమును తేనట్లు. ఆ యెఱుకకు రంగు లేదు, కొలత లేదు.

సిద్ధాంతశిఖామణిలోని 101 స్థలముల వరుసను పరిశీలించినచో ఈ విషయమే మఱియొక రీతిని కనిపించును. భక్తస్థలమున మొట్టమొదట పిండస్థలము, తరువాత దేహమునకంటె ఆత్మ వేఱని వివేకించు పిండజ్ఞానస్థలము, ఆ పిదప సంసారహేయస్థలము. అవి గడచిన తరువాతనే గురుకారుణ్యము, ఆ వెనుక లింగధారణము. లింగమును మెడలో కట్టకమునుపే, నేనెవడనను ప్రశ్న అచట అడుగబడియున్నది.