పనియే ఔషధం

తెల్లవారింది మొదలు మనం చేసే పనులలో మన దృష్టికి వచ్చేవి చాలా తక్కువ. పళ్ళు తోముకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, జడ వేసుకోవడం, అన్నం కలుపుకొని ముద్ద నోట పెట్టుకోవడం - వీటిని ఎవరూ విద్యలుగా భావించరు. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిన నాడుగాని ఒక్క గుండీ వెనుక ఎంత శరీర యంత్రాంగం ఉన్నదో మనిషికి తెలియదు. అలా చేజారిన పనులను తిరిగి చేతికందించే వైద్యశాఖ ఒకటి ఉంది. దానిని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. ఆ చికిత్స చేసేవారు ఏమి చదువుతారు, ఎలా చదువుతారు అన్నది ఈ పాఠంలోని విషయం.

ముందుగా పేరును గురించి ఒక మాట. ‘ఆక్యుపేషన్’ అనగానే చాలామందికి ఉద్యోగమే స్ఫురిస్తుంది. ఇది ఉద్యోగాలు చూపించే శాఖ కాబోలునని భ్రమపడేవారూ ఉన్నారు. తెలుగులో దీనిని ‘వృత్తి చికిత్స’ అంటే అదే భ్రమ కలుగుతుందని కొందరు ఆక్షేపిస్తారు. నాకు ఆ ఆక్షేపణ సబబుగా తోచదు. ‘వృత్తి’ శబ్దం సంస్కృతంలో ‘వృత్’ ధాతువు నుండి పుట్టింది. వర్తనం, ప్రవృత్తి, నివృత్తి అన్నవి దాని తోబుట్టువులే. బ్రతుకుతెరువు ఆ శబ్దానికి ఒక అర్థం మాత్రమే. మనిషి ఉండే తీరు, మెలగే తీరు మరొక అర్థం. ఈ విశాలార్థంలో స్నానం, భోజనం, ఆట, ముగ్గు పెట్టడం, మనుమరాలికి కథ చెప్పడం కూడా వృత్తులే. ఈ చికిత్సకులు పట్టించుకొనేది సరిగ్గా వీటినే.

ఈ శాస్త్రం పుట్టుకలో ఒక రోగి పాత్ర ఉంది. జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ అమెరికాకు చెందిన వాస్తుశిల్పి. ఆయన క్షయవ్యాధితో బాధపడ్డాడు. తరువాత శరీరంలో ఎడమ భాగం చచ్చుబడింది. వడ్రంగపు పని, తోటపని చేస్తూ చేస్తూ కోలుకొన్నాడు. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో, ఆయన ఇంట ఆరుగురు సమావేశమై ఈ చికిత్సకు ఒక సంఘాన్ని స్థాపించారు. వారిలో మనోవైద్యుడు ఉన్నాడు, చేతిపనులు నేర్పే ఉపాధ్యాయురాలు ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో క్షతగాత్రులైన సైనికులకు ఈ చికిత్స అవసరం కావడంతో శిక్షణ త్వరగా విస్తరించింది.

మన దేశానికి ఈ విద్యను తెచ్చిన మహిళ కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశాన్నే తన దేశంగా చేసుకొన్న ఆమె 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మన దేశపు తొలి వృత్తి చికిత్సా విద్యాలయాన్ని ప్రారంభించారు. 1952లో ప్రపంచ వృత్తి చికిత్సకుల సమాఖ్య ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపక సభ్యదేశాలలో భారతదేశం ఒకటి. దాదాపు ఆ కాలంలోనే వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధివల్ల ముడుచుకుపోయిన వేళ్ళకు శస్త్రచికిత్సలు చేస్తున్నారు. కత్తితో సరిచేసిన వేలికి పని నేర్పకపోతే అది కేవలం నిటారుగా ఉన్న వేలే అవుతుంది!

ఇక చదువు సంగతి. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారు బి.ఓ.టి. కోర్సులో చేరవచ్చు. నాలుగేళ్ళ పాఠ్యక్రమం, ఆపైన ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, నాడీమండల వ్యాధులు, మనోవైద్యం, శిశువైద్యం అందులో భాగాలు. వేడినీటిలో మెత్తబడే ప్లాస్టిక్ పలకను రోగి చేతి ఆకారానికి వంచి ఆధారపు పట్టీ తయారుచేయడం కూడా నేర్చుకొంటారు. ఇదంతా ఫిజియోథెరపీ వంటిదే కదా అని మీకు అనిపించవచ్చు. రెండింటికీ దగ్గర చుట్టరికం ఉన్నమాట నిజమే. స్థూలంగా చెప్పాలంటే, మోకాలు ఎంతవరకు వంగుతున్నదన్నది ఫిజియోథెరపిస్టుకు ముఖ్యం; ఆ మోకాలితో రోగి తన ఇంటి మరుగుదొడ్డిలో కూర్చోగలడా అన్నది వృత్తి చికిత్సకునికి ముఖ్యం.

ఈ చదువుకు గుండెకాయ వంటిది ‘కార్య విశ్లేషణ’. ఒక పనిని దాని అంగాలుగా విడదీసి చూడటమన్నమాట. భోజనాన్నే తీసుకోండి. పీటపై నిలకడగా కూర్చోవాలి. కంచం ఎక్కడ ఉన్నదో కన్ను పసిగట్టాలి. అన్నం ఎంత వేడిగా ఉన్నదో వేలికొనలు చెప్పాలి. స్పర్శ కోల్పోయిన చేయి కాలినా తెలుసుకోలేదు. పప్పు కలపడానికి వేళ్ళు విచ్చుకోవాలి, ముద్ద చేయడానికి దగ్గరకు రావాలి, మణికట్టు తిరగాలి, మోచేయి వంగాలి, బొటనవేలు ముద్దను నోటిలోకి నెట్టాలి. వీటిలో ఏ మెట్టు దగ్గర రోగి ఆగిపోతున్నాడో కనిపెట్టడం విద్యార్థి పని. వ్యాకరణం చదివినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. సమాసాన్ని విడదీసి విగ్రహవాక్యం చెప్పడం వంటిదే ఇది. తప్పు చెబితే నష్టపోయేది మార్కులు కావు, అంతే తేడా.

ఈ విద్య విలువ నాకు పుస్తకాల ద్వారా తెలియలేదు. 1998లో మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆయన తెలుగు పండితులు. కుడిచేయి పూర్తిగా స్వాధీనం తప్పింది. మా అమ్మ, నేను, చెల్లెలు వంతులు వేసుకొని ఆయనకు అన్నం తినిపించేవాళ్ళం. సేవ చేస్తున్నామన్న తృప్తి మాకుండేది. ఆయన మాత్రం రోజురోజుకూ తక్కువ తినేవారు, ఇంకా తక్కువ మాట్లాడేవారు. అప్పుడే చదువు ముగించిన ఒక అమ్మాయి చికిత్సకు వచ్చింది. ఆమె చేయి పట్టి చూడకముందే, “అయ్యగారు పొద్దున్న లేవగానే ఏంచేసేవారండీ?” అని అడిగింది. పూలు కోసేవారని, ఉత్తరీయం మడతపెట్టుకొనేవారని అమ్మ చెప్పింది. మరునాటి నుండి ఉత్తరీయం మడతపెట్టడమే ఆయనకు చికిత్స అయింది; ఎడమచేయి లాగుతుంటే కుడిచేయి అంచును అదిమిపట్టాలి.

భోజనం దగ్గర చిక్కు వచ్చింది. కుడిచేయి పనిచేయనప్పుడు ఎడమచేతికి ఆ పని నేర్పడం ఆమె చదువుకొన్న మార్గం. నాన్నగారు తల అడ్డంగా తిప్పారు. ఎడమచేతితో అన్నం ముట్టడం ఆయన ఎరుగరు. “ఇంకా ఈ పట్టింపులేమిటి?” అని విసుక్కొన్నది నేనే. ఆ అమ్మాయి విసుక్కోలేదు. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావుచేసి, పట్టీతో కుడి అరచేతికి కట్టింది. మమ్మల్ని దూరంగా కూర్చోమంది. నాలుగు మెతుకులు నోటికి చేరేలోపు పది మెతుకులు ఒడిలో పడ్డాయి. అమ్మ మూడుసార్లు లేవబోయింది; మూడుసార్లూ ఆ అమ్మాయి కళ్ళతోనే వారించింది. ఆ పూట భోజనానికి ముప్పావుగంట పట్టింది. మేము ప్రేమతోనే ఆయనకు మిగిలిన ఒక్క పనినీ లాగేసుకొన్నామని నాకు అప్పుడుగాని బోధపడలేదు. ఆయన మళ్ళీ కలం పట్టలేదు. కాని పోయేవరకు తన అన్నం తానే తిన్నారు.

ఊరకే చూస్తూ కూర్చోవడం తరగతి గదిలో అబ్బే విద్య కాదు. అందుకే ప్రపంచ సమాఖ్య ప్రమాణాల ప్రకారం విద్యార్థి కనీసం 1000 గంటలు క్షేత్రశిక్షణ పొందాలి. అది ఆసుపత్రిలోనే జరగనక్కరలేదు. మానసిక చికిత్సాలయం, ప్రత్యేక పాఠశాల, రోగి ఇల్లు - అన్నీ క్షేత్రాలే.

ఆపైన రెండేళ్ళ ఎం.ఓ.టి. ఉంది. నాడీవ్యాధులు, చేతి చికిత్స, శిశువులు, మానసిక ఆరోగ్యం వంటి శాఖలలో ఒకదానిని ఎంచుకొని పరిశోధన వ్యాసం సమర్పించాలి. ఈ దశలో మనవారికి ఒక చిత్రమైన సమస్య ఎదురవుతుంది. రోగి స్వావలంబనను కొలవడానికి 1965లో అమెరికాలో వెలువడిన బార్తెల్ సూచికను నేటికీ విస్తృతంగా వాడుతున్నారు. పది అంశాలు, నూరు మార్కులు. భోజనమనే అంశంలో ఆహారాన్ని కత్తితో కోసుకోగలడా, వెన్న పూసుకోగలడా అని చూస్తారు. కంది పచ్చడి కలుపుకొనే చేతికి ఈ ప్రశ్న ఎలా సరిపోతుంది? నేలపై బాసిపట్టు వేసుకొని కూర్చోవడం, చీర కుచ్చిళ్ళు పోసుకోవడం ఆ సూచికలో కనబడవు. కొలబద్దను మన ఇంటికి తగినట్లు దిద్దుకోవడం మన స్నాతకోత్తర విద్యార్థుల బాధ్యత.

అమెరికాలో ఈ వృత్తి ప్రవేశానికి 2007 నుండి పట్టభద్రతకు పైస్థాయి చదువు తప్పనిసరి. మన దేశంలో ఈ వృత్తికి దేశవ్యాప్తమైన చట్టబద్ధ నియంత్రణ 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టంతో ఏర్పడింది. అంతవరకు కొన్ని రాష్ట్రాలలో మాత్రమే అటువంటి మండలులుండేవి.

మీలో ఎవరికైనా ఈ చదువుపై ఆసక్తి కలిగితే, వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల, కటక్ సమీపాన ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ మన పొరుగునే ఉన్నాయి. అక్కడికి వెళ్ళే తెలుగు విద్యార్థికి పాఠ్యప్రణాళికలో లేని మరొక పాఠం తప్పదు. “పొద్దున్న లేవగానే ఏంచేసేవారు?” అన్న ప్రశ్నను వెల్లూరులో తమిళంలోను, ఓలట్‌పూర్‌లో ఒడియాలోను అడగడం నేర్చుకోవాలి, వచ్చిన జవాబును అర్థం చేసుకోవడమూ నేర్చుకోవాలి.