తిథి చూసుకుని అండమాన్ పో, బిడ్డా

జహనుమా, హైదరాబాద్

చి. బిడ్డకు తాతయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ దోస్తులూ కలిసి అండమాన్ పోతున్నారట. మీ అమ్మ ప్లాన్ కూడా వాట్సాప్‌లో పంపింది. నాలుగు రోజుల్లో అయిదు దీవులు, ఒక స్కూబా, ఒక సీ వాక్, ఒక జెట్ స్కీ, పైన షాపింగ్. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని మరీ చదివాడు. ఇందులో నింపాదిగా సముద్రాన్ని చూసే వేళ ఎక్కడా కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మన పాతబస్తీకి నీళ్లలో బతికే జీవాలంటే బహదూర్‌పురా జూలో అద్దాల వెనక చేపలు, దాని పక్కనే మీర్ ఆలం చెరువు. సెలవులొస్తే బాపట్ల దాకా పోయి సూర్యలంకలో అలలు తొక్కి రావడం. పగడాల సముద్రం వీటన్నిటికన్నా వేరు. అక్కడ చూడాల్సినదంతా నీటి కిందే ఉంటుంది, అదీ ఓపికున్న వాళ్లకే కనబడుతుంది.

పేర్ల దగ్గర గాబరా పడకు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. అంతకుముందు 2018లోనే హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు. కాగితాల మీద ఒకటి, జనం నోట ఇంకొకటి. అక్కడ అందరి మధ్యా నడిచేది హిందీ. జహనుమా గల్లీల్లో పెరిగిన నీకు అదో లెక్కా? పైగా 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో నూటికి దాదాపు 13 మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి పోయి స్థిరపడిన బెస్తవాళ్లు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఉంటారు. ఒక పొద్దున అక్కడికి పో. గాలి ఎటు తిరిగింది, నీళ్లు ఎప్పుడు తేటగా ఉంటాయి అన్నది హోటల్ కౌంటర్‌లో అడిగే బదులు వాళ్లనే తెలుగులో అడుగు.

ఇక అసలు మాట. టికెట్ కొనే ముందు ఆఫర్ చూస్తారు, ఆదివారం చూస్తారు. నువ్వు మాత్రం గోడ మీది క్యాలెండర్‌లో తిథి చూడు. ఇది ముహూర్తం సంగతి కాదు. అమావాస్యకీ పున్నానికీ అటూ ఇటూ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. నీళ్లు అంతగా వెనక్కి తగ్గితేనే పగడపు దిబ్బ అంచు బయటపడుతుంది. రెండింట్లో అమావాస్యే మేలు. వెన్నెల ఉండదు కాబట్టి స్వరాజ్ ద్వీప్ తీరంలో రాత్రి పడవ తెడ్డు వేసినప్పుడు నీళ్లు నీలంగా మెరిసేది కంటికి ఆనుతుంది. కంటికి కనబడనంత చిన్న జీవులు కదిలిస్తే వెలిగే వెలుగు అది. పున్నమి వెన్నెల్లో ఆ మెరుపు తేలిపోతుంది.

పాటు వేళ షహీద్ ద్వీప్‌లో లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌కి చేరు. అక్కడ సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది. జనం దాని కింద సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. నువ్వు ఆగు. రాళ్ల మధ్య మిగిలిన నీటి గుంటలు చూడు. ముందు ఏమీ ఉండదు. అలాగే కూర్చుంటే నల్ల వంకాయలా పడున్నది మెల్లగా జరుగుతుంది, అది సీ కుకుంబర్. ఖాళీ అనుకున్న గవ్వ కాళ్లొచ్చి నడుస్తుంది, లోపల సన్యాసి పీత. రాతిలో ఇరుక్కున్న పెద్ద ఆల్చిప్ప రంగురంగుల పెదవులు తెరుచుకుని ఉంటుంది. నీ నీడ దాని మీద పడగానే మూసేసుకుంటుంది. నువ్వు నీడ తీసి కదలకుండా ఉంటే మళ్లీ తెరుస్తుంది. మీ ప్లాన్‌లోని జెట్ స్కీ కన్నా ఇదే గొప్ప అని తాతయ్య తీర్పు. పోటు ఎక్కే టైమ్ మాత్రం ముందే అడిగి పెట్టుకో. చెప్పులు నీళ్లలో జారనివి వేసుకో.

వండూర్ దగ్గర మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ ఉంది, 1983లో ఏర్పడింది. అందులో సందర్శకులు వెళ్లేవి జాలీ బోయ్, రెడ్ స్కిన్ దీవులు. రెండూ ఒకేసారి తెరవరు. ఒకదానికి విశ్రాంతి ఇచ్చి రెండోదానికి తీసుకుపోతారు. ప్లాస్టిక్ కవరు, వాడి పారేసే బాటిల్ లోపలికి రానివ్వరు. ఇలాంటి కట్టడి మన చార్మినార్ దగ్గర కూడా ఉంటే ఎంత బాగుండేది! ఈత రాకపోయినా అడుగున అద్దం ఉన్న పడవలో చూడొచ్చు. కానీ మాస్క్ పెట్టుకుని నోటితో గాలి పీల్చడం ఇక్కడ స్విమ్మింగ్ పూల్‌లో నాలుగు రోజులు ప్రాక్టీస్ చేసి పో. భయం ఉన్న మనిషికి చేపలు కనబడవు, బుడగలే కనబడతాయి.

మాస్క్‌తో దిగితే ఇద్దరిని తప్పకుండా వెతుకు. ఒకటి ప్యారట్ ఫిష్. పగడాన్ని పళ్లతో గీరి తిని, పిండి చేసి విసర్జిస్తుంది. నువ్వు ఫోటో దిగే తెల్ల ఇసుకలో కొంత దాని చలవే. రెండోది సినిమాలో చూసిన నీమో, అంటే క్లౌన్ ఫిష్. ఆ గుంపులో పెద్దది ఆడది. అది చచ్చిపోతే దాని జోడీ మగచేపే ఆడదిగా మారి పెత్తనం అందుకుంటుంది.

అన్ని చోట్లా రంగులే ఉంటాయని ఆశపడకు. 2004 సునామీ తెచ్చిన భూకంపంలో ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, దిబ్బలు బయటపడి ఎండిపోయాయి. దక్షిణాన నేల కుంగింది. 2010లో, మళ్లీ 2016లో నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబోయాయి. బూడిద రంగు దిబ్బ కనబడితే గైడ్‌ని తిట్టుకోవద్దు. కొన్నిచోట్ల ఆ బూడిద మీదే కొత్త పగడం మొలుస్తుంది, దాన్నీ చూడు.

కొన్ని పట్టింపులు. పగడం మీద నిలబడకు, రాయిలా ఉన్నా అది ప్రాణమే. ఫోటోకి చేపలు రావాలని గైడ్ బ్రెడ్డు ముక్కలు వేయబోతే వద్దను. కొన్ని సన్‌స్క్రీన్లలో ఉండే ఆక్సీబెంజోన్ పగడాలకు చేటు అని పలావు దేశం 2020లో, హవాయి 2021లో అలాంటి వాటి అమ్మకాలు ఆపేశాయి. నిండు చేతుల ఈత డ్రెస్ వేసుకుంటే ఆ క్రీమ్ గొడవే తగ్గుతుంది. స్కూబా చేశాక కనీసం 18 గంటల దాకా విమానం ఎక్కొద్దు, అందుకే స్కూబాని చివరి రోజుకి పెట్టుకోకండి. మొసలి బోర్డు ఉన్న చోట మోకాలి లోతు నీళ్లలో కూడా దిగొద్దు. అక్కడివి ఉప్పునీటి మొసళ్లు, 2010లో హేవ్‌లాక్‌లో ఒక మొసలి విదేశీ టూరిస్టు ప్రాణం తీసింది.

మీ నానమ్మ గవ్వలు తెమ్మంటుంది. తేవద్దు. పగడపు ముక్క, సీ కుకుంబర్, కొన్ని రకాల గవ్వలు వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి. ఒడ్డున దొరికిందే అన్నా ఎయిర్‌పోర్టులో వినరు. నానమ్మకి తాతయ్య సర్ది చెప్తాడు.

అయిదు దీవుల్లో మూడు కొట్టేసి, షహీద్ ద్వీప్‌లో రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ మార్చి పంపు. జాలీ బోయ్ పర్మిట్, ఫెర్రీ సీట్లు ముందే తీసుకోండి, సీజన్‌లో అప్పటికప్పుడు దొరకవు.

ఆశీస్సులతో,
తాతయ్య