ఊరు కదలకుండా మూడు రాష్ట్రాలు: దామోదరం సంజీవయ్య

బదిలీ అనే మాట మనకు కొత్త కాదు. అమ్మానాన్నల ఉద్యోగాల వల్ల కొన్నేళ్లకోసారి మనం ఊరు మారుతాం, ఒక్కోసారి రాష్ట్రమే మారుతాం. మరి ఊరు ఉన్నచోటే ఉండి రాష్ట్రం మారిపోతే? కర్నూలు జిల్లాలో అదే జరిగింది. ఆ జిల్లా నుంచి ఎన్నికైన యువ శాసనసభ్యుడు దామోదరం సంజీవయ్య గారు ఐదేళ్లలోపే మూడు రాష్ట్రాల శాసనసభల్లో సభ్యులయ్యారు.

బాల్యం, చదువు

ఆయన 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గరి పెద్దపాడులో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో, తర్వాత అనంతపురం కళాశాలలో చదువుకున్నారు. కొంతకాలం చిన్న ఉద్యోగాలు చేసి, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు.

మూడు సభలు

శాసనసభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలని మన రాజ్యాంగం చెబుతోంది. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికైనప్పుడు సంజీవయ్య గారు ఆ వయసు దాటినవారే. రాజాజీ మంత్రివర్గంలో ఆయనకు చోటు దక్కింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అప్పుడు కొత్తగా ఎన్నికలు పెట్టలేదు. ఆంధ్ర జిల్లాల నుంచి మద్రాసు సభకు ఎన్నికైనవారే కొత్త సభలో సభ్యులయ్యారు. కర్నూలు రాజధాని అయింది. భవనాలు చాలక కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలోనూ సంజీవయ్య గారు మంత్రి. 1955 ఎన్నికల్లో మళ్లీ గెలిచారు.

1956 నవంబరు 1న తెలంగాణ ప్రాంతం కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సభ హైదరాబాదుకు చేరింది. ప్రతిసారీ ముఖ్యమంత్రి మారారు, నగరం మారింది. ఆయన్ని పంపిన ప్రజలు మాత్రం అదే జిల్లావారు.

ముఖ్యమంత్రిగా

1960 జనవరి 11న, 38 ఏళ్ల వయసులో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. లంచగొండితనాన్ని అరికట్టే అవినీతి నిరోధక శాఖ ఆయన కాలంలోనే, 1961లో మొదలైంది. భూమిలేని పేదలకు బంజరు భూములు పంచడం, వృద్ధులకు పింఛను ఇవ్వడం ఆయన పాలనలో చెప్పుకోదగ్గవి. ఆ పదవిలో ఉన్నది రెండేళ్ల పైచిలుకే.

తర్వాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. కార్మికులకు బోనస్‌ను హక్కుగా చేసిన 1965 నాటి చట్టం ఆయన మంత్రిగా ఉన్నప్పుడే వచ్చింది. 1972 మే 7న, 51 ఏళ్ల వయసులో మరణించారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు, విశాఖపట్నంలో ఆయన పేరున్న న్యాయ విశ్వవిద్యాలయం నేటికీ ఆయన్ని గుర్తు చేస్తున్నాయి.

మనం నేర్చుకునేది

కొత్త బడిలో మొదటి వారం ఎవరూ తెలియక మనం వెనక బెంచీలో కూర్చుంటాం. హైదరాబాదు సభకు వచ్చినప్పుడు సంజీవయ్య గారికీ చుట్టూ ఎన్నో కొత్త ముఖాలు. పాత సభలో సంపాదించిన పేరుతో సరిపెట్టుకోకుండా ప్రతిచోటా పనిచేసి నమ్మకం పొందారు. చోటు మారినా, ఎవరి కోసం వచ్చామో మరవకపోవడమే ప్రజాప్రతినిధి మొదటి పాఠం.

ఆలోచిద్దాం

1. శాసనసభ్యునికి కనీస వయసు ఎందుకు పెట్టారు?
2. ఇప్పుడు మనం ఉంటున్న ఊరు ఏ శాసనసభ నియోజకవర్గంలో ఉంది? 1956కు ముందు అది ఏ రాష్ట్రంలో ఉండేది?