పెనుకొండ – చరిత్రలో ‘ఒకవేళ’

ధర్మవరమునుండి హిందూపురమునకు పోవు రైలుమార్గమునకు చేరువలో ఒక పెద్ద కొండ కనబడును. అదియే పెనుకొండ. ‘పెను’ అనగా పెద్దది. సంస్కృతమున దీనిని ఘనగిరి యందురు. ఈ మూడు పట్టణములును 2022వ సంవత్సరమున ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. అంతకుముందు అవి అనంతపురము జిల్లాలోనివి. ధర్మవరము పట్టుచీరలకు పేరొందినది. హిందూపురము వర్తకమునకు నెలవు. పెనుకొండ నేడు చిన్న పట్టణమే యైనను, ఒకప్పుడు గొప్ప సామ్రాజ్యమునకు రాజధానియై వెలసినది. ఒక దేశము పరాధీనమై, పిదప సామ్రాజ్యమై, మరల పరాధీనమైన కథను ఈ కొండ మనకు చెప్పగలదు.

విద్యార్థులారా! ఆ కథను తెలిసికొనుటతో మన పని ముగియదు. “ఇట్లే జరుగవలసి యుండెనా? వేఱొక విధముగ జరుగుటకు వీలుండెనా?” అని కూడ ఆలోచింతము.

1323వ సంవత్సరమున ఢిల్లీ సేనలు ఓరుగల్లును గెలిచెను. కాకతీయ ప్రతాపరుద్రుడు బందీ యయ్యెను. 1327 ప్రాంతమున తుంగభద్రా తీరమునందలి కంపిలియు పడిపోయెను. దక్షిణదేశములో పెక్కు భాగములు మహమ్మదు బిన్ తుగ్లకు పంపిన అధికారుల పాలనలోనికి వచ్చెను. కాని ఢిల్లీ చాల దూరము. దూరపు ప్రభువుయొక్క ఆజ్ఞ త్రోవలోనే బలము కోల్పోవును. సేనానులే తిరుగబడిరి. మధురలో ఒక సుల్తాను స్వతంత్రుడయ్యెను. 1347లో బహమనీ రాజ్యము పుట్టెను. ఈ సందడిలోనే సంగముని కుమారులగు హరిహరుడును, బుక్కడును తుంగభద్ర యొడ్డున విజయనగర రాజ్యమును నెలకొల్పిరి. దానికి 1336వ సంవత్సరమును చెప్పుట పరిపాటి.

ఆ రాజ్యము త్వరితముగ పెరిగెను. బుక్కరాయలు పెనుకొండను తన కుమారుడగు విరూపణ్ణ కిచ్చెననియు, అతని కాలమున ఇచట కోట కట్టబడెననియు కోట ఉత్తర ద్వారమునందలి శాసనమువలన తెలియుచున్నది. బుక్కరాయల మరియొక కుమారుడగు కంపన మధురను జయించెను. ఆ విజయమును అతని భార్య గంగాదేవి ‘మధురావిజయ’ మను సంస్కృత కావ్యముగ రచించెను. పరులకు పన్ను కట్టిన దేశము, ఏబది యేండ్లలోపుననే, దక్షిణ సముద్రతీరమువరకు పన్ను గైకొనుదశకు వచ్చెను.

ఈ పెరుగుదలకు కత్తి యొక్కటియే కారణము కాదు. మన సీమలో వాన తక్కువ. నీటిని నిలుపనేర్చినవాడే ఇచట రాజ్యమును నిలుపగలడు. చిత్రావతి పరీవాహమునందలి బుక్కపట్నము చెరువు, ధర్మవరము చెరువు నేటికిని ఆ సంగతిని గుర్తుచేయుచున్నవి. చెరువు నిండిన పంట పండును. పంట పండిన పన్ను వచ్చును. పన్ను వచ్చిన సేన నిలుచును. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు వీరభద్రాలయమును కట్టించిరి. ఆ చిత్రములను, ఆ ఏకశిలా నందిని చూచినవారికి నాటి సిరి యెట్టిదో తెలియును. అచటనే అసంపూర్తిగ నిలిచిన కల్యాణమండపమును కలదు. ఎంతటి సిరియైనను నడుమ ఆగిపోవచ్చునని అది చెప్పుచున్నట్లుండును.

1542లో అచ్యుతరాయలు గతించిన పిమ్మట సదాశివరాయలు పేరునకు రాజు. అధికార మంతయు కృష్ణదేవరాయల అల్లుడగు రామరాయలది. ఉత్తరమున బహమనీ రాజ్యము ఐదు ముక్కలై యుండెను. రామరాయలు ఆ సుల్తానులలో నేడొకనికి, రేపొకనికి తోడుపడుచు అందఱిని అదుపులో నుంచజూచెను. అందఱును తనవలన నొచ్చినవారైనప్పుడు, వారందఱు నొక్కటి యగుదురను విషయమును అతడు తగినంతగ తలపలేదు. 1565వ సంవత్సరము జనవరి 23వ తేదీన బిజాపురము, అహమ్మదునగరము, గోలకొండ, బీదరు సుల్తానుల సేనలతో ఘోరయుద్ధము జరిగెను. దానినే తళ్లికోట యుద్ధ మందురు. రామరాయలు పట్టుబడి చంపబడెను. అతని తమ్ముడు తిరుమలరాయలు సదాశివుని, ధనరాశిని వెంటగొని పెనుకొండకు తరలెను. దిక్కులేని విజయనగరము నెలల తరబడి దోపిడికి గురియయ్యెను.

కొందఱు దీనిని రెండు మతముల పోరుగా మాత్రమే చెప్పుదురు. అది సరికాదు. గోలకొండ సుల్తానగు ఇబ్రహీం కుతుబ్‌షా యౌవనమున ఏడేండ్లు విజయనగరముననే ఆశ్రయము పొంది, తెలుగును ప్రేమించి, తెలుగు కవులచే ‘మల్కిభరాము’ డని పొగడబడెను. రామరాయల కొలువులోను ముస్లిము సేనాను లుండిరి. పెనుకొండలో దేవాలయములకు చేరువనే బాబయ్య దర్గా నేటికిని నిలిచియున్నది. రాజుల వైరమును మతముపై మోపుట చరిత్ర కాదు.

ఇక ‘ఒకవేళ’ అను ప్రశ్నకు వత్తము. తిరుమలరాయలు పెనుకొండకు తరలక విజయనగర కోటలోనే నిలిచియున్నచో ఏమగును? ఇట్టి ప్రశ్న వేయుట తప్పు కాదు. కాని ఊహకు పగ్గ ముండవలెను. ఒక్క సంగతిని మాత్రమే మార్చవలెను. తక్కినవానిని ఉన్నవి ఉన్నట్లే యుంచవలెను. పిదప నాటి సాక్ష్యము మన ఊహను బలపఱచునో, ఖండించునో చూడవలెను.

ఊహను బలపఱచు సాక్ష్యము మొదట చూతము. విజయనగరమునకు ఏడు ప్రాకారము లుండెనని 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాకు వ్రాసెను. సుల్తానుల మైత్రి యుద్ధానంతరము ఎంతోకాలము నిలువలేదు. మఱియు, దానికంటె చిన్నదగు పెనుకొండ కోట 1576లో బిజాపురము సేనను, 1589లో గోలకొండ సేనను ఎదిరించి నిలిచెను. గోడలు గట్టివై, నిలుచు గుండెలున్నచో, రాజధానియు కొన్ని నెలలు నిలిచియుండవచ్చును.

ఖండించు సాక్ష్యమును దాచరాదు. రణరంగమున సేన చెల్లాచెద రయ్యెను. ధైర్యము చెప్పవలసిన పెద్దలలో పెక్కుమంది మడిసిరి. సేన లేని గోడ రాతికుప్ప మాత్రమే. అంతియ కాక, తిరుమలరాయలు ధనమును, రాజును కాపాడి పెనుకొండ చేర్చుటచేతనే ఆరవీటివారి పాలనలో సామ్రాజ్యము మరి కొన్ని దశాబ్దములు బ్రదికెను. కావున అతనిని పిఱికివా డనుట తేలిక. అతని స్థానమున నిలిచి నిర్ణయించుట కష్టము. రెండు పక్షములను తూచినచో, నగరము నిలుచుట అసాధ్యము కాదనియు, నిశ్చయము మాత్రము కాదనియు తేలును.

రెండవ ‘ఒకవేళ’ ఇంతకంటె ముఖ్యమైనది. తిరుమలరాయలు రాజ్యమును ముగ్గురు కొడుకులకు పంచెను. శ్రీరంగరాయలు పెనుకొండనుండి తెలుగు సీమను, రాముడు శ్రీరంగపట్టణమునుండి కన్నడ సీమను, వేంకటపతి చంద్రగిరినుండి తమిళ సీమను చూచిరి. పిమ్మట రాజైన వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చెను. 1614లో అతడు మరణింపగానే వారసత్వపు పోరు రగిలెను. నాయకులు ఎవరికి వారే యైరి. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు తూర్పుతీరమున చిన్న ఇసుకనేలను ఆంగ్ల వర్తకులకు ఇచ్చెను. అచటనే చెన్నపట్టణమును, సెయింట్ జార్జి కోటయు వెలసెను.

రాయల బలము నిండుగ నున్ననాడును విదేశీయులు వచ్చిరి. పోర్చుగీసువారు గుఱ్ఱములు తెచ్చి అమ్మిరి. కాని దేశము లోపల ఏలికలు కాలేకపోయిరి. ఇంటి యజమాని మెలకువతో నున్నప్పుడు వచ్చిన వర్తకుడు వర్తకుడుగనే యుండును. ఒకవేళ రాయల ఇల్లు చీలకున్నచో, ఆంగ్లేయులును అట్లే యుండెడివారా? కొంతవరకు ఔననవచ్చును. కాని వారి బలమంతయు పెనుకొండ చీలికవలననే రాలేదు. 1757, 1765 సంవత్సరములలో వంగదేశమున వారికి లభించిన అధికారము, ఆదాయము అందులకు ముఖ్య కారణములు. కావున మన ఊహ ఇచట ఆగవలెను.

తరువాతి కథ మీరెఱుగుదురు. గుత్తి మురారిరావు తన తండ్రి హిందూరావు పేర హిందూపురమును కట్టించెనని చెప్పుదురు. 1776లో హైదరాలీ గుత్తిని గెలిచెను. 1799లో టిప్పు సుల్తాను పడెను. 1800లో నిజాము తన రక్షణకై యుంచిన ఆంగ్లసేనకు వెలగా ఈ సీమను కంపెనీకి ధారపోసెను. నాటినుండి దీనికి ‘దత్తమండలము’ లను పేరు వచ్చెను. ఒకరు మఱియొకరికి ఇచ్చివేసిన నేల యని దాని అర్థము. 1928లో నంద్యాలలో పెద్దలు ఆ పేరును తొలగించి ‘రాయలసీమ’ యని పిలుచుకొనిరి. తమ్ము తాము ఏమని పిలుచుకొనవలెనో నిర్ణయించుకొనుటయు స్వాతంత్ర్యములో నొక భాగమే. 1947లో తక్కిన భాగమును లభించెను.

“అంతయు విధి” యనువాడు చరిత్రనుండి ఏమియు నేర్వడు. “ఒక్క ద్రోహివలననే అంతయు పోయినది” అనువాడును నేర్వడు. నిందించుటకు ఒకడు దొరికిన వెంటనే అతడు వెదకుట మానివేయును. చెరువు ఒక్క రాత్రిలో తెగినట్లు కనబడును. కాని గండి పడకముందే గట్టున చీమలపుట్టలు చాల ఏండ్లుగా పెరిగియుండును. సాటివారి నొప్పిని లెక్కింపని రాజనీతి, ఇంటిలోని చీలిక, దూరమున నాయకుల నిర్లక్ష్యము – ఇవియే ఆ పుట్టలు. మీరు పెనుకొండ కోటకు వెళ్లినపుడు, ఇచట ఎవరెవరు ఏలిరని మాత్రమే అడుగకుడు. ఆ దినములలో వారు ఏమి చేసియుండవచ్చునో అడుగుడు. పిదప నేడు మనము ఏమి చేయవచ్చునో మీకే తోచును.

ప్రశ్నలు

1. విజయనగర రాజ్యము త్వరితముగ పెరుగుటకు కారణము లేవి?
2. తళ్లికోట యుద్ధమును మతముల పోరుగా మాత్రమే చెప్పుట ఏల సరికాదు?
3. ‘ఒకవేళ’ అను ప్రశ్న వేయునప్పుడు పాటింపవలసిన నియమము లేవి?
4. మీ ఊరి చెరువునో, కోటనో, గుడినో గూర్చి పెద్దల నడిగి పది వాక్యములు వ్రాయుడు.