గోండీ పలుకులు – తెలుఁగు చుట్టఱికము

మన నిజామాబాదు జిల్లా నుండి గోదావరి దాటి యుత్తరమునకుఁ బోయినచోఁ బూర్వపు ఆదిలాబాదు జిల్లా. అచ్చటి గోండుల యింటిభాష గోండీ. దీనిని లిపిలేని మోటుభాష యని నవ్వువారు కలరు. ఈ మాట యెంత నిజమో పరీక్షింతము.

మన చేయి గోండీలో ‘కయ్’. మన చెవి ‘కెవి’. కన్నడమునను ఇవి కై, కివి యనియే యుండును. ఇ, ఎ మొదలగు అచ్చులకు ముందున్న పూర్వపు కకారము తెలుఁగునఁ జకారమయ్యెను. గోండీ దానిని మార్చలేదు. కన్ను అను పదమున నట్టి యచ్చు లేదు గనుక మనకును గకారమే నిలిచెను. గోండీలోను అది ‘కన్’.

ఇఁక సంఖ్యలు. రెండు ‘రండ్’, మూఁడు ‘మూండ్’, నాలుగు ‘నాలుంగ్’. మూఁడు నందలి యరసున్న యేల యని మీరు విసుగుకొందురు గదా! మనము సగము చేసిన యనునాసికమును గోండీ నిండుగఁ బలుకుచున్నది. ఆఱు ‘సారుంగ్’, మనము విడిచిన తొలి హల్లును గోండీ దాఁచుకొన్నది.

పదనిర్మాణమును జూడుఁడు. బహువచనమునకు మనము ‘లు’ చేర్తుము, గోండీలోఁ బెక్కు పదములకు ‘క్’ చేరును: కన్, కన్క్, కయ్, కయ్క్. నీరు ‘ఏర్’. కన్, ఏర్ కలిసి ‘కనేర్’, అనఁగాఁ గన్నీరు. సమాసము చేయు పద్ధతి యిరువురకు నొక్కటే.

లిపి లేదనుటయు సరికాదు. ఆదిలాబాదు ప్రాంతపు గుంజాల గ్రామమున గోండీ లిపితో వ్రాసిన పాత ప్రతులు దొరకెను. ఆ లిపి 2018లో యూనికోడునఁ జేరెను. 1943లోనే హైమన్‌డార్ఫు పండితుని పూనికతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలయ్యెను.

2011 జనగణనమున గోండీ మాతృభాషగాఁ జెప్పినవారు దేశమున 29 లక్షలకు మించిరి. అయినను ఈ భాష రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునఁ జేరలేదు. బడిలో నవ్వులపాలైన బాలుఁడు తన పలుకును దాఁచుకొనును. రేపు తన బిడ్డలకు దానిని నేర్పఁడు. భాష చచ్చుట యిట్లే.

కావున మీ తరగతిలో గోండు విద్యార్థి యున్నయెడల అతనిని గురువుగా నెంచి యిరువది మాటలడిగి, తెలుఁగు మాటల ప్రక్కన వ్రాసికొనుఁడు. నవ్వుటకు మాఱుగా నేర్చుకొనుట మొదలగును. మన తెలుఁగు పూర్వచరిత్రయు మీకుఁ గొంత తెలియును.